సాహుకారు పద్దు నుంచి సెల్‌ఫోను దాకా



ఈ సంచిక ముందు పేజీల్లో పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీ నిధి బాకీ ఎంత అన్న పట్టికలు చూసేరు. ఏ పట్టికలోకీ ఎక్కని అప్పు ఒకటుంది. దాని గురించి రాస్తున్నాను. ఎక్కడో ఉన్న మనిషి ఫోన్‌లో మన పిల్లతో స్నేహం కలుపుతాడు. కొన్నాళ్ళు పోయేక ఒక ఫొటో అడుగుతాడు. పిల్ల పంపుతుంది. ఆ రోజు నుంచి ఆ ఫొటో అతని దగ్గర తాకట్టులో ఉన్నట్టే. ఇంకో ఫొటో పంపమంటాడు, డబ్బు పంపమంటాడు, ఫలానా చోటికి రమ్మంటాడు. కాదంటే ఊరందరికీ చూపిస్తానంటాడు. ఎంత కట్టినా అసలు తీరదు, వడ్డీ పెరుగుతూనే ఉంటాది.

కొండ మీద పుట్టినవాళ్ళకి తాకట్టు అంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. అందుకే ఈ కథ సెల్‌ఫోను పుట్టక ముందు నుంచి మొదలుపెడతాను.

మన అమ్మమ్మల కాలంలో సంతకి చింతపండు, కొండచీపుర్లు, పసుపు మోసుకెళ్ళేవారు. కాటా సాహుకారుది, ధర సాహుకారుది, పద్దు రాసే కలమూ సాహుకారుదే. వానాకాలం తిండిగింజలకి చేసిన అప్పుకి వచ్చే ఏడు పంట ముందే అతనిదైపోయేది. పంట చాలకపోతే భూమి, భూమి చాలకపోతే మనుషుల కష్టం. అప్పు తీరేదాకా పిల్లడిని పశువుల దగ్గర ఉంచమనేవారు. ఆ పిల్లడికి అప్పెంతో తెలీదు, ఎప్పుడు తీరుతుందో తెలీదు. తండ్రికీ తెలీదు, ఎందుకంటే పద్దు చదవడం రాదు. సవరల ఇంట్లో మాట సవర, పద్దులో రాత తెలుగు. జాతాపుల్లో తెలుగు మాట్లాడేవాళ్ళకి కూడా ఆ రాత చదవడం వచ్చేది కాదు.

ఈ భాష సంగతి మనకంటే చాలా ముందు పట్టించుకున్నాయన గిడుగు రామమూర్తి పంతులు గారు. కొండకి అవతల పర్లాకిమిడిలో బడి పంతులు. సవరలు చదువుకోవాలంటే ముందు వాళ్ళ మాట తను నేర్చుకోవాలని నేర్చుకున్నారు, సవర మాటల్లో వాచకాలు రాసేరు, సొంత ఖర్చుతో సవర పిల్లలకి చదువు చెప్పించేరు. ఆయన సవర భాషా వ్యాకరణం 1931లోను, నిఘంటువు 1938లోను అచ్చయ్యాయి. వాడుక తెలుగు కోసం పోరాడిన మనిషిగానే ఆయన్ని అందరూ తలుచుకుంటారు గాని, మనకి ఆయన చేసిన మేలు ఈ రెండోది. తనకి జరిగిన అన్యాయాన్ని తన మాటలో చెప్పుకోలేని మనిషికి ఏ చట్టమూ అందదు. ఈ మాట మళ్ళీ చివర్లో అవసరం పడుతుంది, గుర్తుంచుకోండి.

చట్టాలు రాకపోలేదు. కొండ సరుకు కొనడానికి 1956లో గిరిజన కార్పొరేషన్ పెట్టేరు, అదే మన జీసీసీ. 1959లో భూబదలాయింపు నిబంధన వచ్చింది, 1960లో షెడ్యూల్డు ప్రాంతాల వడ్డీ వ్యాపారులకి నిబంధన వచ్చింది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. అయినా 1967 అక్టోబర్ 31న, మొండెంఖల్లు సభకి వెళ్తున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర కాల్పులు జరిగి కోరన్న, మంగన్న చనిపోయేరు. ఆ తర్వాత ఈ కొండల్లో ఎంత నెత్తురు పారిందో పెద్దవాళ్ళని అడగండి. భూబదలాయింపు నిబంధనని గట్టిపరిచిన 1970 నాటి 1/70, అదే ఏడాది గిరిజనుల రుణ విమోచన నిబంధన, అంత గొడవ జరిగేక వచ్చినవి. వెట్టి చాకిరీ నిషేధ చట్టం దేశమంతటికీ 1976లో వచ్చింది. మన అనుభవంలో చట్టం ఎప్పుడూ ఆలస్యంగానే కొండెక్కింది.

డ్వాక్రా వచ్చింది, నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారా దుకాణం మూయించేరు, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా బందైంది. ఇదంతా మీకు తెలిసిన కథే. దాని పక్కనే నడిచిన ఇంకో కథ అంతగా చెప్పుకోము. రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ వాళ్ళు, శాంతా సిన్హా గారి ఆధ్వర్యంలో, 1991 నుంచి పనిలో ఉన్న పిల్లల్ని బయటికి తెచ్చి శిబిరాల్లో కొన్నాళ్ళు చదివించి, వయసుకి తగ్గ తరగతిలో చేర్చడం మొదలుపెట్టేరు. పేదవాళ్ళ పిల్లలు పని చెయ్యక తప్పదన్న మాట వాళ్ళు ఒప్పుకోలేదు. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్నారు. 2000లో ఆరు జిల్లాల్లో వెలుగు ప్రాజెక్టు మొదలైంది, అందులో మన పాత శ్రీకాకుళం జిల్లా ఒకటి. వెలుగులో పొదుపుతో పాటు బడి బయట పిల్లల పని కూడా చేర్చేరు. శాంతా సిన్హా గారు 2007లో జాతీయ బాలల హక్కుల రక్షణ కమిషన్‌కి మొదటి అధ్యక్షురాలయ్యేరు.

ఆ రోజుల సంఘం మీటింగు ఎలా ఉండేదో పాత సభ్యులకి గుర్తుండే ఉంటాది. పొదుపు కట్టించుకున్నాక, "మీ ఇంట్లో బడికెళ్ళని పిల్లలెవరు?" అని అడిగేవారు. మొదట్లో ఆ ప్రశ్నకి కోపాలొచ్చేవి. "నా పిల్ల, నా ఇష్టం, మీకేటి?" అనేవారు. నెల నెలా అడగ్గా అడగ్గా అది అలవాటైన ప్రశ్న అయిపోయింది. పిల్లల సంగతి ఒక ఇంటి గుట్టు కాదు, సంఘం సంగతి అన్నది అక్కడే నేర్చుకున్నాం. ఇప్పుడు మీటింగులు బయోమెట్రిక్, యాప్ ఎంట్రీ, వాయిదా వసూళ్ళతోనే అయిపోతున్నాయి. ఆ ప్రశ్న ఎప్పుడు మానేసేమో ఎవరూ గమనించలేదు.

ఇప్పుడు తాకట్టు రూపు మారిన సంగతికి వస్తాను. సాహుకారు తాకట్టు భూమి, నగ, కష్టం. 2000 తర్వాత పుట్టుకొచ్చిన మైక్రోఫైనాన్స్ కంపెనీలు మాకు తాకట్టే వద్దన్నారు. నిజానికి వాళ్ళు పట్టుకున్నది మన పరువు. వాయిదా కట్టకపోతే ఇంటి ముందు కూర్చునేవారు, నలుగురిలో మాటలనేవారు. తోటి సభ్యుల చేతనే తిట్టించేవారు. 2006లో కృష్ణా జిల్లాలో గొడవై కలెక్టరు కొన్ని బ్రాంచీలు మూయించేరు. 2010లో ఆత్మహత్యల వార్తలు వరసగా రాగా, ఆ అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. అప్పుడు చనిపోయినవాళ్ళు చేసిన అప్పులు చూస్తే ప్రాణం తీసుకునేంత పెద్దవి కావు. అప్పు కంటే సిగ్గు పెద్దదయింది.

పదేళ్ళకి అదే పని ఫోన్ చేసింది. 2020 లాక్‌డౌన్‌లో లోన్ యాప్‌లు పుట్టుకొచ్చాయి. యాప్ పెట్టుకునేటప్పుడే కాంటాక్టులు, ఫొటోలు అన్నీ లాగేసుకునేవి. వాయిదా తప్పితే ఫొటోని నగ్నంగా మార్చి చుట్టాలందరికీ పంపేవారు. 2020 డిసెంబరులో హైదరాబాదులో పోలీసులు వరసగా అరెస్టులు చేసేరు. 2022 సెప్టెంబరులో రాజమహేంద్రవరంలో ఇలాంటి బెదిరింపులకే భార్యాభర్తలు ప్రాణాలు తీసుకున్నారు, చిన్న పిల్లలు మిగిలిపోయేరు. అదే నెల రిజర్వు బ్యాంకు డిజిటల్ అప్పులకి నియమాలు ప్రకటించింది.

సిగ్గుని తాకట్టు పట్టేవాడికి పెద్దవాళ్ళే ఇంతలా లొంగిపోతే, పద్నాలుగేళ్ళ పిల్ల ఎంత?

పిల్లల బొమ్మలతో చేసే ఈ వ్యాపారం ఫోన్‌తో పుట్టింది కాదు. మన దేశంలో పెద్ద కేసుగా మొదట బయటపడింది 1991లో, గోవాలో. అనాథ పిల్లలకి ఆశ్రయం ఇస్తున్నానని పేరు తెచ్చుకున్న ఫ్రెడ్డీ పీట్స్ అనే మనిషి ఆ పిల్లల్నే విదేశీయులకి అప్పగించేడు, ఫొటోలు తీసేడు. 1996లో యావజ్జీవ శిక్ష పడింది. ఊళ్ళో అతనికి దయగలవాడని పేరు. ఈ పని చేసేవాడు కోరలతో రాడు, బిస్కట్లతో వస్తాడు. ఇప్పుడైతే ఫోన్ రీచార్జితో వస్తాడు, ఆటలో ఇచ్చే డైమండ్లతో వస్తాడు.

2000లో మన సమాచార సాంకేతిక చట్టం వచ్చినప్పుడు అందులో పిల్లల గురించి విడిగా ఒక్క సెక్షనూ లేదు. 2004లో ఢిల్లీలో స్కూలు పిల్లల వీడియో ఒకటి ఫోన్ల మీద తిరిగి, చివరికి ఇంటర్నెట్ అంగడిలో అమ్మకానికి వచ్చింది. దేశమంతా గగ్గోలు పుట్టింది. 2008లో చట్టం సవరించేరు, 2009 అక్టోబరు నుంచి 67బి సెక్షను అమల్లోకి వచ్చింది. పిల్లల్ని అసభ్యంగా చూపే బొమ్మలు తయారుచేసినా, పంపినా, వెతికి చూసినా, ఆన్‌లైన్‌లో పిల్లల్ని మాటల్తో లొంగదీసుకున్నా మొదటిసారికి అయిదేళ్ళ దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. 2012 నవంబర్ 14న పోక్సో చట్టం అమలైంది. ఇందులో ఆడపిల్లా మగపిల్లడూ అన్న తేడా లేదు. ఇది మంచి పని. 2019లో పోక్సో శిక్షల్ని ఇంకా పెంచేరు.

చట్టం ఉన్నా ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలి అన్నది తేలలేదు. వీడియో తీసినవాడు ఒక రాష్ట్రం, పంపినవాడు ఇంకో రాష్ట్రం, బాధితురాలు ఎవరో తెలీదు. ఏ స్టేషనూ మాది కాదంటాది. ఈ ముడి విప్పింది మన తెలుగు నేల మీద నుంచి వెళ్ళిన ఒక ఉత్తరం.

హైదరాబాదులో ప్రజ్వల అనే సంస్థ ఉంది. 1996 నుంచి అమ్ముడుపోయిన ఆడపిల్లల్ని విడిపించి ఆశ్రయం ఇస్తోంది. దాన్ని నడిపే సునీతా కృష్ణన్ గారికి 2015 మొదట్లో వాట్సాప్‌లో తిరుగుతున్న అత్యాచారం వీడియోలు చేరేయి. చేసినవాళ్ళు ముఖాలు దాచుకోలేదు, నవ్వుతున్నారు. సిగ్గు పడాల్సింది ఎవరు అన్నదే ఆవిడ ప్రశ్న. అమ్మాయి కనపడకుండా మసక చేసి, మగవాళ్ళ ముఖాలు మాత్రం కనపడేట్టు ఆ దృశ్యాలు బయటపెట్టి, వీళ్ళెవరో చెప్పండి అని దేశాన్ని అడిగేరు. ఆ తర్వాత ఆవిడ కారు మీద రాళ్ళు పడ్డాయి. ఫిబ్రవరి 18 తేదీతో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాసి, వీడియోలు జతచేసి పంపేరు. కోర్టు ఆ ఉత్తరాన్నే కేసుగా తీసుకుంది. ఈ రోజుకీ ఆ కేసు పేరు ప్రజ్వల ఉత్తరమే. దర్యాప్తు సీబీఐకి వెళ్ళింది, నిందితులు కొందరు దొరికేరు.

కోర్టు అంతటితో ఆగలేదు. ఇలాంటి వీడియోలు నెట్‌లో నుంచి తీసెయ్యడం సాధ్యమేనా అని ప్రభుత్వాన్నీ, గూగుల్, ఫేస్‌బుక్, వాట్సాప్ లాంటి కంపెనీలనీ పిలిచి అడిగింది. 2017లో కమిటీ వేసి వాళ్ళందర్నీ ఒక బల్ల ముందు కూర్చోబెట్టింది. ఎవరి పేరూ చెప్పకుండా ఫిర్యాదు చేసే చోటు ఒకటి ఉండాలన్నది అందులో నుంచి వచ్చిందే. 2018 సెప్టెంబర్ 20న కేంద్ర హోంశాఖ సైబర్ క్రైమ్ పోర్టల్ తెరిచింది. మొదట అది స్త్రీలు, పిల్లల ఫిర్యాదులకే, 2019 ఆగస్టు నుంచి అన్ని సైబర్ నేరాలకీ. 1930 నంబరు తర్వాత వచ్చింది. ఒక ఆడమనిషి ఉత్తరం రాస్తే అంత పెద్ద కంపెనీలు కదిలేయి. సంఘం తీర్మానాలు రాసి పంపితే ఏటవుతాది అని నిట్టూర్చే అప్పలకి ఈ సంగతి చెప్పండి.

అదే 2019లో మన నేర రికార్డుల బ్యూరో, పిల్లల కోసం పనిచేసే అమెరికా సంస్థ ఒకదానితో ఒప్పందం చేసుకుంది. అక్కడి కంపెనీల కంట పడ్డ పిల్లల దృశ్యాల సమాచారం, ఏ దేశం నుంచి ఎక్కించేరో చూసి, మన పోలీసులకి చేరుతోంది. 2021 నవంబరులో సీబీఐ 14 రాష్ట్రాల్లో 70కి పైగా చోట్ల సోదాలు చేసింది. వాటిలో ఆంధ్రా కూడా ఉంది. 2024 సెప్టెంబర్ 23న సుప్రీంకోర్టు ఇంకో తీర్పు ఇచ్చింది. అలాంటి దృశ్యం ఎవరికీ పంపకపోయినా, తీసెయ్యకుండా, పోలీసులకి చెప్పకుండా ఫోన్‌లో దాచుకోవడమే నేరం కిందికి రావచ్చని చెప్పింది. ఆ తీర్పులో నాకు నచ్చిన ముక్క ఇంకోటుంది. పిల్లల విషయంలో పోర్నోగ్రఫీ అన్న మాటే వాడొద్దన్నారు. అది పిల్లల మీద జరిగిన దోపిడీకి, హింసకి సాక్ష్యం గనక, కోర్టులు ఆ పేరుతోనే పిలవాలన్నారు. మనమూ "ఆ పిల్ల బూతు ఫొటో" అనడం మానాలి. ఆ ఫొటోలో బూతు పిల్లది కాదు.

ఇన్ని జరుగుతున్న కాలంలో మన కొండ మీద ఫోను ఎక్కడుంది? సిగ్నల్ కోసం బండ ఎక్కి నిలబడే రోజులు మొన్నటిదాకా ఉన్నాయి, కొన్ని గూడేల్లో ఇప్పటికీ ఉన్నాయి. 2020లో బడులు మూసేసేరు. ఆశ్రమ పాఠశాలల పిల్లలు ఇళ్ళకొచ్చేసేరు. పాఠాలు టీవీలో, ఫోన్‌లో అన్నారు. అనాస అమ్మిన డబ్బో, జీడిపిక్కలు అమ్మిన డబ్బో పెట్టి, లేదంటే సంఘం అప్పు తీసుకుని ఫోన్లు కొన్నాం. చదువుకే కొన్నాం. 2022 డిసెంబరులో ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబ్‌లిచ్చింది. 2023 జూన్‌లో ఏజెన్సీలో వంద జియో టవర్లు ఒకేసారి ప్రారంభించేరు, అందులో పది మన పార్వతీపురం మన్యం జిల్లావి. పట్నం పిల్లలకి పదిహేనేళ్ళలో మెల్లగా వచ్చిన లోకం మన పిల్లలకి రెండు మూడేళ్ళలో వచ్చిపడింది. తల్లిదండ్రులకి ఫోన్ తెలియకముందే పిల్లలకి తెలిసిపోయింది. పద్దు చదవడం రాని తండ్రి కథే మళ్ళీ.

ఆస్ట్రేలియాలో 2025 డిసెంబర్ 10 నుంచి పదహారేళ్ళ లోపు పిల్లలకి సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదని చట్టం అమలు చేసేరు. ఇక్కడా అలా చేస్తే బాగుణ్ణని కొందరంటున్నారు. చెయ్యొచ్చు. కాని మన ఇళ్ళలో ఫోన్ ఒకటే. సిమ్ము నాన్న పేరున, ఖాతా నాన్న పేరున, చూసేది ఇంటిల్లిపాదీ. ఆ ఫోన్ పట్టుకున్నది నలభై ఏళ్ళ మనిషో పదేళ్ళ పిల్లో కంపెనీకి ఎలా తెలుస్తాది? నాకైతే నమ్మకం లేదు.

మోసం ఎలా నడుస్తాదో తల్లులు తెలుసుకోవాలి. ఇన్‌స్టాగ్రామ్‌లోనో, ఫ్రీ ఫైర్ లాంటి ఆటలోనో పరిచయం. తనూ అదే వయసు పిల్లనని చెప్తాడు, ఫొటో వేరేవాళ్ళది పెడతాడు. వారం పది రోజులు ఏమీ అడగడు. అమ్మ తిట్టిందా, బడిలో ఎవరైనా ఏమన్నారా అని అడుగుతాడు, ఓపిగ్గా వింటాడు. తర్వాత, మన ఇద్దరి మధ్యే ఉండాలి అంటాడు. ఆ మాట దగ్గరే ఉచ్చు పడుతుంది. ఆడపిల్లల్ని ఎక్కువగా ఇంకా ఫొటోల కోసం, కలవడం కోసం బెదిరిస్తారు. మగపిల్లల్ని డబ్బు కోసం బెదిరిస్తారు. అమెరికా ఎఫ్‌బీఐ చెప్పేది ఏమంటే, డబ్బు గుంజే ఈ రకం బెదిరింపులకి ఎక్కువగా దొరికేది 14 నుంచి 17 ఏళ్ళ మగపిల్లలే. ఆడపిల్ల అని నటించి వీడియో కాల్ చేయించుకుంటారు, రికార్డు చేస్తారు. మగపిల్లడు గదా వాడికేటవుతాది అని ఊరుకోకండి. ఈ మధ్య ఫొటో పంపకపోయినా, వాట్సాప్ డీపీలో ముఖం తీసుకుని యంత్రం చేత నగ్న బొమ్మ తయారు చేయిస్తున్నారు. పిల్ల ఏ తప్పూ చెయ్యకపోయినా తాకట్టులో పడుతోంది.

ఇక మన వైపు సంగతి. విషయం తెలిసిన ఇంట్లో మొదట జరిగేది దెబ్బలు. రెండోది ఫోన్ లాక్కోవడం. మూడోది బడి మాన్పించడం, ఆ తర్వాత తొందరగా సంబంధం చూసెయ్యడం. పద్దెనిమిది నిండని పిల్లకి పెళ్ళి 2006 చట్టం ప్రకారం నేరం, అది అలా ఉంచండి. ఇంట్లో చెప్తే ఇదే జరుగుతుందని పిల్లకి ముందే తెలుసు. బెదిరించేవాడికీ తెలుసు. "మీ అమ్మకి చెప్తా" అన్న ఒక్క మాటతో వాడు నెలల తరబడి గుంజుకుంటున్నాడంటే, ఆ మాటకి బలం ఇచ్చింది మన కోపమే. సాహుకారు పద్దుకి మన చదువురానితనం ఎలా పనికొచ్చిందో, వీడికి మన కోపం అలా పనికొస్తోంది.

ఊరి పెద్దలు కూర్చుని తప్పు కట్టించి తేల్చేసే పద్ధతి ఒకటి మనకుంది. పొలం గట్టు తగాదాకి అది చాలు. దీనికి పనికిరాదు. పోక్సో 19వ సెక్షను ప్రకారం పిల్లల మీద ఇలాంటి నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకి చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. చెప్పలేదని పిల్లని మాత్రం శిక్షించకూడదని చట్టంలోనే రాసేరు. పోలీసు స్టేషనుకి పిల్లని ఈడ్చుకెళ్ళాలన్న భయం వద్దు. 24వ సెక్షను ప్రకారం పిల్ల వాంగ్మూలం ఇంటి దగ్గరో, పిల్ల కోరిన చోటో తీసుకోవాలి, వీలైనంత వరకు మహిళా ఎస్సై తీసుకోవాలి, ఆ సమయంలో యూనిఫాం ఉండకూడదు. రాత్రి పూట పిల్లని స్టేషనులో ఉంచకూడదు. సచివాలయంలో మహిళా పోలీసు ఉంది. పిల్లలకి 1098 ఉంది. 1996లో ముంబయిలో వీధి పిల్లల కోసం మొదలైన నంబరు అది, ఇప్పుడు దేశమంతా పనిచేస్తోంది.

యానిమేటర్లకి రెండు ముక్కలు విడిగా చెప్పాలి. బెదిరింపు మెసేజీలు, ఆ ఖాతా పేరు, నంబరు, తేదీ చెరిపెయ్యకండి, కాగితం మీద రాసి ఉంచండి, ఫోన్ అలాగే పోలీసులకి చూపించండి. అందరూ జాగ్రత్త పడాలని మంచి ఉద్దేశంతో ఆ ఫొటో గాని వీడియో గాని గ్రామ సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టడం అసలు చెయ్యొద్దు. అది ఇంకో నేరం, ఆ పిల్లకి ఇంకో గాయం. తీర్మానాల పుస్తకంలో పిల్ల పేరు, తల్లి పేరు, ఇంటి పేరు, గూడెం పేరు ఏదీ రాయకూడదు. మన పుస్తకం ఆడిట్‌కి వెళ్తాది, పది చేతులు మారుతుంది. బయట తిరుగుతున్న ఫొటో ఆపడానికి "టేక్ ఇట్ డౌన్" అని 2023 నుంచి ఉచిత సేవ ఉంది. ఫొటో ఎవరికీ పంపక్కర్లేదు. ఫోన్‌లోనే ఆ ఫొటోకి వేలిముద్ర లాంటి గుర్తు తయారవుతుంది, ఆ గుర్తు మాత్రమే వెళ్తుంది, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటివి దాంతో పోల్చి తీసేస్తాయి. అన్ని చోట్లా పనిచెయ్యదు, వాట్సాప్‌లో చేతులు మారినదాన్ని వెనక్కి తేలేదు. ఎంత తొందరగా చేస్తే అంత మేలు.

మన చేతుల్తో మనం చేసేది కూడా ఉంది. 2024 జూలైలో, ఒక తండ్రీ చిన్న కూతురూ సరదాగా చేసుకున్న వీడియో మీద ఒక తెలుగు యూట్యూబరు, అతని స్నేహితులు లైవ్‌లో నోటికొచ్చిన వెకిలి మాటలన్నారు. నటుడు సాయి ధరమ్ తేజ్ దాన్ని రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రుల దృష్టికి తెచ్చేరు. తెలంగాణ పోలీసులు కేసు పెట్టి, ఆ యూట్యూబర్ని బెంగళూరులో అరెస్టు చేసేరు. ఆ తండ్రి చేసిన తప్పేమీ లేదు. ఐనా బిడ్డ ఆట ఎవరి కళ్ళల్లో ఏమవుతుందో అతని చేతిలో లేకపోయింది. మన పిల్లలు థింసా ఆడినవి, స్నానాలు చేస్తున్నవి, బడి పేరున్న చొక్కాతో నిలబడ్డవి స్టేటస్‌లో పెట్టే ముందు ఒకసారి ఆగండి. సమాఖ్య గ్రూపుల్లో కూడా చాలా తిరుగుతున్నాయి, ఎవర్నీ వేలెత్తి చూపడం లేదు.

ఆఖరుగా గిడుగు వారి దగ్గర వదిలిన మాట. పోక్సో 19వ సెక్షనులోనే, పిల్లకి అర్థం కాని భాషలో వాంగ్మూలం రాస్తుంటే అనువాదకుణ్ణి ఇవ్వాలని ఉంది. సవర ఇంట్లో పెరిగిన పిల్ల బడిలో తెలుగు చదువుతుంది, సంతలో తెలుగు మాట్లాడుతుంది. కాని భయంతో వణుకుతూ, ఒంటి గురించి, సిగ్గు గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు నోటికొచ్చేది అమ్మ మాటే. ఆ మాట తెలిసిన, బయట ఎక్కడా నోరు జారని ఆడమనిషి పక్కన కూర్చుంటే గాని ఆ వాంగ్మూలం పూర్తిగా రాదు. అలాంటివాళ్ళు మన సంఘాల్లోనే ఉన్నారు. ప్రతి గ్రామ సంఘం సవర, తెలుగు రెండూ బాగా వచ్చిన ఇద్దరి పేర్లు, వాళ్ళని అడిగి వాళ్ళు ఒప్పుకున్నాకే, వచ్చే కార్యవర్గ సమావేశం లోపు మండల సమాఖ్యకి రాసి పంపండి. ఆ జాబితా సచివాలయం మహిళా పోలీసుకి, పిల్లల రక్షణ అధికారికి సమాఖ్య తరఫున అందజేస్తాం. జాతాపు గూడేల్లో అవసరం లేదనుకోకండి, అక్కడి నుంచి కూడా పేర్లు పంపండి.